కనబడని 26 ముక్కలు

మా ఊరి క్లబ్బులో కిటికీ పక్కన ఒక బల్ల ఉండేది. సాయంత్రం అయిదు దాటితే నలుగురు పెద్దవాళ్లు దాని చుట్టూ చేరి బ్రిడ్జి ఆడేవారు. అప్పుడు నేను ఇంటర్లో చేరిన కొత్త. పొద్దుపోయింది, నాన్నగారిని భోజనానికి పిలుచుకు రమ్మని అమ్మ పంపేది. నేను వెళ్లి, పిలవడం మరిచిపోయి, ఆయన కుర్చీ వెనక నిలబడిపోయేవాణ్ని.

ఒక రాత్రి జరిగిన సంగతి చెబుతాను. నాన్నగారి జోడీ ఒక లెక్కల మాష్టారు. ఆ చేయి మాష్టారు ఆడుతున్నారు. పది ట్రిక్కులు అయిపోయాయి. అందరి దగ్గరా మూడేసి ముక్కలు మిగిలాయి. మాష్టారు తన మూడు ముక్కలూ బల్ల మీద పరిచేసి, ఎడమవైపు కూర్చున్న డాక్టరు గారితో, "మీ దగ్గర రెండు డైమన్లు, ఒక కళావరు మిగిలాయండీ. తక్కిన ట్రిక్కులన్నీ మావే" అన్నారు. డాక్టరు గారు మారు మాట్లాడకుండా తన ముక్కలు తిప్పి చూపించారు. రెండు డైమన్లు, ఒక కళావరు.

నాకు ఒళ్లు జలదరించింది. పేక వెనక ఏమైనా గుర్తులున్నాయేమోనని ముక్కలు తీసి దీపం దగ్గర పెట్టి చూశాను కూడా. ఇంటికి నడుస్తూ నాన్నగారిని అడిగాను. "13 దాకా లెక్కపెట్టడం వస్తే నీకూ కనిపిస్తాయిరా" అన్నారాయన. ఆ లెక్క గురించే ఈ పూట మీతో మాట్లాడాలని వచ్చాను.

బ్రిడ్జి తెలియని శ్రోతల కోసం ముందు కాస్త పరిచయం. ఆట నలుగురిది. ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు ఒక జోడీ. కూర్చున్న చోట్లకు దిక్కుల పేర్లే పెట్టారు: ఉత్తరం, దక్షిణం ఒక జోడీ, తూర్పు, పడమర ఇంకో జోడీ. 52 ముక్కలూ తలా 13 పంచుతారు. ముందు వేలంపాట జరుగుతుంది. ఏ రంగు తురుపుగా ఉండాలి, మేము ఎన్ని ట్రిక్కులు పడతాం అని పాడుకుంటారు. నలుగురూ తలా ఒక ముక్క వేస్తే ఒక ట్రిక్కు. పాట ఎవరికి ఖాయమైతే ఆ జోడీలో ఒకరు ఆట నడుపుతారు. ఆయన్ని డిక్లేరర్ అంటారు. ఆయనకు ఎడమవైపున్న ప్రత్యర్థి మొదటి ముక్క వేయగానే, డిక్లేరర్ జోడీదారు తన 13 ముక్కలనూ బల్ల మీద పరిచేస్తాడు. అది డమ్మీ. ఆ క్షణం నుంచి డిక్లేరర్ తన చేతినీ డమ్మీనీ కూడా తనే ఆడాలి. ఈ కాంట్రాక్టు బ్రిడ్జికి ఇప్పుడున్న రూపాన్ని 1925లో హెరాల్డ్ వాండర్‌బిల్ట్ అనే అమెరికన్ ఓడలో పనామా కాలువ మీదుగా హవానా వెళుతూ, తోటి ప్రయాణికులతో ఆడుతూ తీర్చిదిద్దాడు.

రంగులకు మన ఇళ్లలో వాడే పేర్లే వాడతాను: ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు. పాటలో చేతి బలం చెప్పుకోవడానికి ఒక లెక్క ఉంది. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1. పేక మొత్తం మీద 40 పాయింట్లు. చేతిలో 13 ఉంటే పాట మొదలుపెట్టాల్సిందే. 12 ఉన్నా చాలామంది మొదలుపెడతారు. ఈ పాయింట్ల లెక్క గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

డమ్మీ పరిచాక డిక్లేరర్‌కు 26 ముక్కలు కనబడతాయి. ఇంకో 26 కనబడవు. ఆ కనబడనివి తూర్పు పడమరల మధ్య ఎన్ని రకాలుగా పంపిణీ అయి ఉండవచ్చు? 1,04,00,600 రకాలుగా. కోటీ నాలుగు లక్షల ఆరు వందలు. ఇందులో ఒక్కటే నిజం. చాలామంది ఈ అంకె వినగానే ఇక అదృష్టమే దిక్కు అనుకుంటారు. కానీ ఆ కోటి ఎంత వేగంగా తరిగిపోతుందో చూడండి. పడమర మొదటి ముక్క వేశాడు. ఆ ముక్క అతని దగ్గరే ఉందని తేలిపోయింది కదా. సరిగ్గా సగం కొట్టుకుపోయాయి, మిగిలినవి 52,00,300. ఆ ట్రిక్కులోనే తూర్పు కూడా తన ముక్క వేశాడు. ఇప్పుడు 27,04,156. ఎవరూ ఏమీ ఆలోచించకముందే, ఒక్క ట్రిక్కుకే, నాలుగింట మూడు వంతుల దాకా పోయాయి. తక్కినవాటిని తగ్గించుకోవడం డిక్లేరర్ పని.

ఆ పని పాట దగ్గరే మొదలవుతుంది. ప్రత్యర్థి పాడింది వినడం సులువు. అతను పాడనిది వినడం నేర్చుకోవాలి.

ఒక చేయి చెబుతాను, మనసులో పెట్టుకోండి. ముక్కలు పంచింది పడమర, కాబట్టి మొదటి మాట అతనిదే. అతను పాస్ అన్నాడు. చివరికి దక్షిణాన కూర్చున్న మీకు నాలుగు ఇస్పేట్ల పాట ఖాయమైంది. 10 ట్రిక్కులు పట్టాలి, మూడు దాకా పోగొట్టుకోవచ్చు. పడమర ఆఠీను ఆసు వేశాడు, తరవాత రాజు వేశాడు. రెండూ అతనివే. మూడోసారి ఆఠీను రాణి వేస్తే మీరు తురుపు కొట్టారు. తురుపులు లాగేస్తుంటే ఇస్పేటు జాకీ కూడా పడమర దగ్గరే బయటపడింది. డైమన్లలో మీకు ఇబ్బంది లేదు. మిగిలిన సమస్య కళావరు. మీ చేతిలో రెండు చిన్న కళావర్లు ఉన్నాయి. డమ్మీలో రాజు, జాకీ, ఒక చిన్న ముక్క ఉన్నాయి. ఆసూ రాణీ ప్రత్యర్థుల దగ్గర. కళావర్లో ఒక్క ట్రిక్కే పోవాలి. మీరు చిన్న కళావరు వేశారు, పడమర చిన్నది వేశాడు. డమ్మీ నుంచి రాజు వేయాలా, జాకీ వేయాలా?

ఆసు పడమర దగ్గరుంటే రాజు వేయాలి. ఆసు తూర్పు దగ్గర, రాణి పడమర దగ్గర ఉంటే జాకీ వేయాలి. కొత్త ఆటగాళ్లు ఇక్కడ పైకప్పు చూస్తారు. కొందరు పడమర మొహం చూస్తారు. చూడాల్సింది అతని పాట. ఆఠీను ఆసు 4, రాజు 3, రాణి 2. అక్కడికి 9. ఇస్పేటు జాకీతో 10. కళావరు ఆసు కూడా అతని దగ్గరే ఉంటే 14 అవుతాయి. 14 పాయింట్లు, బలమైన ఆఠీన్లు చేతిలో పెట్టుకుని మొదటి మాటలోనే పాస్ అనేవాడు ఏ క్లబ్బులోనూ ఉండడు. కాబట్టి ఆసు తూర్పు దగ్గరుంది. రాజు వేస్తే లాభం లేదు. రాణి పడమర దగ్గర ఉంటేనే మీకు దారి. జాకీ వేయండి. తూర్పు ఆసు వేసి తీసుకుంటాడు, తరవాత మీ రాజు నిలబడుతుంది.

ఇందులో మీరు చేసిన తెలివైన పని ఇంకొకటి ఉంది. కళావర్ల జోలికి చివర వెళ్లారు. ముందే వెళ్లి ఉంటే, పడమర దగ్గర ఇస్పేటు జాకీ ఉందన్న సంగతి మీకు తెలిసేది కాదు. ఆ ఒక్క పాయింటూ లేకపోతే లెక్క 13 దగ్గర ఆగేది. 13తో కూడా పాస్ అనే పిసినారులు నాకు తెలుసు! ఆ అనుమానం మిమ్మల్ని వెనక్కి లాగేది. ముఖ్యమైన నిర్ణయాన్ని వీలైనంత చివరికి నెట్టి, అంతదాకా ప్రత్యర్థులతో మాట్లాడించడమే డిక్లేరర్ పని అని నేను గట్టిగా నమ్ముతాను. తురుపు లాగడం, గెలిచే రంగులు ముందు ఆడుకోవడం, ఇవన్నీ ట్రిక్కుల కోసం మాత్రమే కాదు. వాళ్లు ఏం వేస్తారో చూడటం కోసం కూడా.

మొదటి ముక్క గురించి కూడా కాస్త చెప్పాలి. ప్రత్యర్థి మీ ఆట ఇంకా చూడకుండా, డమ్మీ కూడా చూడకుండా, తన చేతిని మాత్రమే చూసి వేసిన ముక్క అది. అందుకే అందులో నిజాయితీ ఎక్కువ. తురుపు ఉన్న ఆటలో ఆసూ రాజూ కలిసి ఉన్న రంగు చేతిలో ఉంటే, సాధారణంగా ఎవరైనా అందులోంచే మొదలుపెడతారు. ఇప్పుడు డైమన్లలో ఆసూ రాజూ మీ దగ్గరా డమ్మీలోనూ లేవనుకోండి. పడమర మాత్రం ఇంకేదో రంగు వేశాడు. అంటే ఆ రెండూ అతని చేతిలో కలిసి ఉండే అవకాశం బాగా తగ్గిపోయింది. కనీసం ఒకటి తూర్పు దగ్గరుందనుకోవచ్చు. ఆట మొదలవకముందే తూర్పు ఖాతాలో మూడో నాలుగో పాయింట్లు రాసుకోవచ్చు.

తురుపు లేని ఆటలో పొడుగాటి రంగు నుంచి పైనుంచి నాలుగో ముక్క వేసే ఆనవాయితీ ఒకటుంది. దాని మీద కట్టిన 11 సూత్రానికి ఆర్.ఎఫ్. ఫాస్టర్ పేరు చెబుతారు. ప్రత్యర్థి 7 వేశాడనుకోండి. 11 లోంచి 7 తీసేస్తే 4. ఆ 7 కంటే పెద్ద ముక్కలు తక్కిన మూడు చేతుల్లో కలిపి నాలుగే ఉన్నాయి. ఇందులో మాయ లేదు. ఆసును 14 అనుకుంటే 7 పైన ఏడు ముక్కలున్నాయి. వేసినవాడి దగ్గర వాటిలో మూడు ఉన్నాయి, ఎందుకంటే వేసింది నాలుగోది. తక్కినవి నాలుగు. మీ దగ్గరా డమ్మీలోనూ కలిపి మూడు కనబడుతుంటే తూర్పు దగ్గర ఒక్కటే ఉంది. పాత రోజుల్లో ఇది తెలిసిన కుర్రవాణ్ని క్లబ్బులో కొత్త కళ్లతో చూసేవారు.

ఇక మాష్టారి చేయి. ఆ రాత్రి నాన్నగారు ఒక కాగితం మీద రాసి చూపించారు కాబట్టి ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. నెమ్మదిగా చెబుతాను.

పాట ఏడు నో ట్రంపులు. తురుపు లేదు, 13కి 13 ట్రిక్కులూ పట్టాలి, ఒక్కటి పోయినా పాట పోయినట్టే. రెండు చేతులూ కలిపి చూస్తే 12 ట్రిక్కులు చేతికందేవే. ఇస్పేట్లలో నాలుగు, ఆఠీన్లలో మూడు, డైమన్లలో మూడు, కళావర్లలో ఆసూ రాజూ. పదమూడోది కళావర్లలోంచే రావాలి. మాష్టారి చేతిలో కళావరు ఆసు, జాకీ, తొమ్మిది. డమ్మీలో రాజు, పది, ఇంకా రెండు చిన్నవి. లేనిది రాణి ఒక్కటే. రాణి పడమర దగ్గరుంటే ఒక వైపు నుంచి ఫినెస్ చేయాలి, తూర్పు దగ్గరుంటే ఇంకో వైపు నుంచి. ఫినెస్ అంటే, రాణి ఉన్నవాడు ముందు ఆడాక, అతని తరవాతి చేతి నుంచి రాణికంటే చిన్న ముక్కతోనే ట్రిక్కు పట్టడం. ఎటో తెలిస్తే పాట ఖాయం. తెలియకపోతే బొమ్మా బొరుసా.

డాక్టరు గారు ఆఠీను జాకీ వేశారు. మాష్టారు వెంటనే కళావర్ల జోలికి వెళ్లలేదు. ముందు మూడు ఆఠీన్లూ ఆడేశారు. మూడో ఆఠీనుకు తూర్పు దగ్గర ఆఠీను లేదు, కళావరు పారేశాడు. ఆఠీన్లు మాష్టారి జోడీ దగ్గర ఆరు, ప్రత్యర్థుల దగ్గర ఏడు. తూర్పుకు రెండే ఉన్నాయంటే డాక్టరు గారికి అయిదు.

తరవాత ఇస్పేట్లు నాలుగు. ప్రత్యర్థుల దగ్గర ఆరు ఇస్పేట్లున్నాయి. మూడోసారికే డాక్టరు గారి దగ్గర ఇస్పేటు లేదు. ఆయనకు రెండు, తూర్పుకు నాలుగు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. చాలామంది ఇక్కడ ఆగి నిర్ణయం తీసేసుకుంటారు. డాక్టరు గారి 13 లో అయిదు ఆఠీన్లు, రెండు ఇస్పేట్లు పోగా ఇంకా ఆరు జాగాలున్నాయి. తూర్పు 13 లో రెండు ఆఠీన్లు, నాలుగు ఇస్పేట్లు పోగా ఏడు జాగాలున్నాయి. ఆఠీన్లలో వచ్చిన తేడాను ఇస్పేట్లు దాదాపు సరిచేసేశాయి. ఇప్పుడు ఊహించినా మొదట్లో ఊహించినా పెద్ద తేడా లేదు. ఏడు ట్రిక్కులు ఆడి, ఎంతో కబురు సంపాదించి కూడా మాష్టారు దాదాపు బయలుదేరిన చోటే ఉన్నారు. ఓపిక లేనివాణ్ని ఆట ఇక్కడే దెబ్బ తీస్తుంది.

మాష్టారు డైమన్లు ఆడారు. ప్రత్యర్థుల దగ్గర ఏడు డైమన్లు. మూడోసారికి తూర్పు మళ్లీ కళావరు పారేశాడు. అతనికి రెండు డైమన్లు, డాక్టరు గారికి అయిదు. ఇక కూడండి. డాక్టరు గారికి ఆఠీన్లు అయిదు, ఇస్పేట్లు రెండు, డైమన్లు అయిదు. పన్నెండు. పదమూడోది ఒక్కటే, అది కళావరు తప్ప ఇంకేదీ కావడానికి వీల్లేదు. ఆయన అంతదాకా పారేసినవి రెండూ ఆఠీన్లే. అంటే చేతిలో మిగిలినవి రెండు డైమన్లు, ఒక కళావరు.

ఆరు కళావర్లలో అయిదు తూర్పువి. రాణి తూర్పు దగ్గరుండే అవకాశం ఆరింట అయిదు వంతులు. మాష్టారు అక్కడితో కూడా తృప్తి పడలేదు. డమ్మీలోని కళావరు రాజు ముందు ఆడితే చాలునని చూశారు. డాక్టరు గారి ఒంటి కళావరు రాణే అయితే అది రాజు కింద పడిపోతుంది. పడలేదంటే రాణి తూర్పు దగ్గర ఉంది, డమ్మీ నుంచి పది వేసి ఫినెస్ చేయడమే. రెండు దారుల్లోనూ 13 ట్రిక్కులు. అందుకే ఆయన ఆడటం ఆపి ముక్కలు పరిచేశారు. ఆరింట ఒక వంతు అనుమానాన్ని కూడా చెరిపేసుకునే దారి కనబడితే, దాన్ని వదలకూడదని ఆయనకు తెలుసు.

నాకు ఈ చేయిలో అన్నిటికంటే అందంగా కనబడేది ఆ తీరిక. రాణి ఎక్కడుంది అని ఆయన ఒక్కసారి కూడా నేరుగా అడగలేదు. ఆఠీన్లు ఎన్ని, ఇస్పేట్లు ఎన్ని, డైమన్లు ఎన్ని అని అడుగుతూ వెళ్లారు. మూడింటికీ జవాబు వచ్చాక నాలుగో జవాబు దానంతటదే వచ్చింది. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక మెతుకు చాలు. బ్రిడ్జిలో మెతుకు మెతుకూ పట్టి చూడాలి.

అన్నట్టు, ప్రతి ముక్కనూ విడివిడిగా గుర్తుపెట్టుకోవాలేమోనని కొత్తవాళ్లు భయపడతారు. అక్కర్లేదు. 13 ముక్కలు నాలుగు రంగులుగా ఎలా విడిపోతాయన్న వరసలు కొన్నే ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చేది 4, 4, 3, 2. నూటికి 21 కంటే కాస్త ఎక్కువ. తరవాత 5, 3, 3, 2. ఆ తరవాత 5, 4, 3, 1. ఎక్కాలలాగా ఈ వరసలు నోటికి వస్తే, ఒక చేతిలో మూడు రంగులు తెలియగానే నాలుగోది తీసివేత చేయకుండానే నోట్లోకి వస్తుంది. మాష్టారు క్లాసులో పిల్లలకు హాజరు వేస్తూ కూడా ఈ వరసలు మనసులో తిప్పుకునేవారట.

ప్రత్యర్థులూ బుర్ర ఉన్నవాళ్లే కదా, మనల్ని తప్పుదారి పట్టించరా? పట్టిస్తారు. రాణి వేయాల్సిన చోట జాకీ వేసి, పొడుగు రంగును పొట్టి రంగులా చూపించి నమ్మిస్తారు. ఏ ముక్క వేశాడన్నదాంట్లో అబద్ధం ఉండవచ్చు. ఆ రంగు తన దగ్గర లేదన్నదాంట్లో అబద్ధం ఉండటానికి వీల్లేదు. రంగు ఉండి కూడా వేయకపోతే నియమాల ప్రకారం శిక్ష పడుతుంది. అందుకే ఎన్ని ఉన్నాయన్న లెక్క ఏ పెద్ద ముక్క ఎవరి దగ్గరుందన్న ఊహకంటే గట్టిది. ముందు లెక్క, తరవాత ఊహ.

ఇప్పుడు నన్ను చాలా ఏళ్లు తికమక పెట్టిన సంగతి ఒకటి. తురుపులు మీ రెండు చేతుల్లో కలిపి తొమ్మిది ఉన్నాయి. ఆసు, రాజు, పది మీవే. లేనివి రాణి, జాకీ, రెండు చిన్న ముక్కలు. మీరు ఆసు వేశారు. పడమర చిన్నది వేశాడు, తూర్పు నుంచి రాణి పడింది. తరవాత రాజు, పది ఉన్న చేతి వైపు మళ్లీ తురుపు వేశారు. పడమర రెండో చిన్నది వేశాడు. జాకీ ఎవరి దగ్గరుంది? తూర్పు దగ్గర రాణీ జాకీ రెండూ ఉన్నాయా, లేక రాణి ఒక్కటే ఉండి జాకీ పడమర దగ్గరుందా? మొదటిది అయితే రాజు వేయాలి, రెండోది అయితే పది వేయాలి. సగం సగం అనిపిస్తుంది. కాదు.

ఇలా చూడండి. ఒక ఇంట్లో కాఫీ మాత్రమే ఉంది. పక్కింట్లో కాఫీ, టీ రెండూ ఉన్నాయి. ఎవరైనా వస్తే ఆ వేళకు ఏది తోస్తే అది ఇస్తారు. మిమ్మల్ని కళ్లకు గంతలు కట్టి ఒక ఇంటికి తీసుకెళ్లారు, చేతికి కాఫీ వచ్చింది. ఏ ఇల్లయి ఉంటుంది? కాఫీ తప్ప ఇంకోటి లేని ఇల్లే అనుకోవడం న్యాయం. పక్కింటివాళ్లయితే సగం సార్లు టీ ఇచ్చి ఉండేవారు. తూర్పు దగ్గర రాణీ జాకీ రెండూ ఉంటే సగం సార్లు జాకీ వేసేవాడు. అతను రాణి వేశాడంటే, వేయక తప్పని పరిస్థితిలో ఉన్నాడనుకోవడం మేలు. ఇలాంటప్పుడు పది వేస్తే నూటికి దాదాపు 65 సార్లు మీదే గెలుపు. టెరెన్స్ రీస్ అనే ఆంగ్ల ఆటగాడు 1958 నాటి తన పుస్తకంలో దీన్ని వివరించి ప్రచారంలోకి తెచ్చాడు. నేను అది చదివి కూడా నమ్మలేదు. పేక పట్టుకుని ఒక ఆదివారమంతా పంచి చూసి, కాగితం మీద గీతలు గీసుకున్నాక నమ్మాను.

గమనించారా, ఇక్కడ కూడా అదే పని చేస్తున్నాం. ఎదుటివాడు చేసిన పనిని, అతను చేసి ఉండగలిగిన ఇంకో పని పక్కన పెట్టి చూస్తున్నాం. పాడకపోయిన పాట, వేయకపోయిన ఆసు, ఇవ్వకపోయిన టీ. కనబడని ముక్కల ఆచూకీ సగం వీటిలోనే ఉంటుంది.

ఎదుటివాడి తడబాటు గురించి మాత్రం జాగ్రత్తగా మాట్లాడాలి. ఒక ప్రత్యర్థి చాలాసేపు ఆలోచించి చిన్న ముక్క వేశాడు. దాన్నిబట్టి డిక్లేరర్ ఏదైనా ఊహించుకోవచ్చు, ఆ ఊహ తప్పితే నష్టం తనదే. కానీ ఆ ఆలస్యాన్ని చూసి అతని జోడీదారు లాభపడకూడదు. మోసగించాలని కావాలనే తడబడటం అంతకంటే తప్పు. 1975 నుంచి ప్రపంచ పోటీల్లో జోడీదారులు ఒకరినొకరు చూసుకోకుండా బల్ల మధ్యన తెర కడుతున్నారు. పాట కూడా నోటితో పాడరు, కార్డులు తీసి చూపిస్తారు. ఇది నాకెంతో ఇష్టమైన ఏర్పాటు. మొహాలు, గొంతులు అన్నీ పక్కకు పోయి, మిగిలేది లెక్క ఒక్కటే. మాష్టారు డాక్టరు గారి మొహం ఎప్పుడూ చూసేవారు కాదు. ట్రిక్కు అయ్యాక తిరగేసిన ముక్కల వైపు చూస్తూ ఉండేవారు.

2018లో జకార్తా ఆసియా క్రీడల్లో బ్రిడ్జిని మొదటిసారి చేర్చారు. పురుషుల జోడీలో బంగారు పతకం మన దేశానికి తెచ్చిన ఇద్దరూ బెంగాల్ వాళ్లు. ప్రణబ్ బర్ధన్‌కు అప్పుడు 60 ఏళ్లు, శిబ్‌నాథ్ సర్కార్‌కు 56. పరుగులూ దూకుళ్లూ ఉన్న పండగలో 60 ఏళ్ల మనిషి బంగారం గెలవడమేమిటని కొందరు ఆశ్చర్యపోయారు. నేను ఆశ్చర్యపోలేదు. పోటీ రోజులన్నీ, పంచిన ప్రతి చేతిలో, 26 కనబడని ముక్కల లెక్క తప్పకుండా మోయాలంటే ఎంత ఒంటి ఓపిక కావాలో ఆడినవాళ్లకే తెలుస్తుంది.

యంత్రాలూ వచ్చాయి. 2022 మార్చిలో పారిస్‌లో నుక్ అనే కృత్రిమ మేధ ఎనిమిది మంది ప్రపంచ విజేతల మీద గెలిచింది. అయితే ఆ పోటీలో వేలంపాట లేదు. డిక్లేరర్‌గా ఆట ఆడటం మాత్రమే. అంతకు ముందు వచ్చిన బ్రిడ్జి ప్రోగ్రాములు కనబడని ముక్కలను వందలసార్లు ఊహించి పంచి, పాటతో పొసగని పంపకాలను పక్కన పారేసి, మిగిలినవాటిలో ఏ ఆట ఎక్కువసార్లు గెలుస్తుందో చూసేవి. మాష్టారు కాగితం కూడా లేకుండా చేసిన పని అదే. ఆయన వందలు పంచలేదు. మూడు ప్రశ్నలు అడిగి కోటిని ఒకటి చేశారు. యంత్రం గెలిచిందని నాకు బాధ లేదు. ఈ ఆలోచన యంత్రానికి కూడా నేర్పదగినంత స్పష్టమైనదని తేలింది, అదే సంతోషం.

క్లబ్బులో ఆ బల్ల ఇప్పుడు లేదు. మాష్టారికి చివరి రోజుల్లో చూపు బాగా తగ్గింది. నేను ఊరికి వెళ్లినప్పుడల్లా వాళ్లింటి అరుగు మీద కూర్చుని, ఏదో ఒక చేయి పేకలో పంచి, పడిన ముక్కలను ఒక్కొక్కటే పైకి చదివేవాణ్ని. "పడమర ఇస్పేటు మూడు, మాష్టారూ. తూర్పు తొమ్మిది." ఆయన కళ్లు మూసుకుని వినేవారు. వేలి కణుపుల మీద బొటనవేలు నెమ్మదిగా జరుగుతూ ఉండేది. మధ్యలో ఒకచోట ఆ బొటనవేలు ఆగిపోయేది. నేను చదవడం ఆపేవాణ్ని. "ఇక చదవకు నాయనా, రాణి తూర్పు దగ్గరుంది" అనేవారు. నేను ముక్కలు తిప్పి చూసేవాణ్ని.